తీర్పు విన్ననాడే నకలు కోరవలెను



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. న్యాయవాదిని కాను. సంధులును సమాసములును చెప్పుకొని బ్రదికినవానికి న్యాయస్థానపు నకళ్ళతో నేమి పని యని మీరు తలంపవచ్చును. నా అజాగ్రత్తవలన మా యింటి ఆడపిల్ల యొకతె నష్టపోయినది. అట్టి నష్టము మీ ఊరిలో మఱియొక పిల్లకు కలుగకుండవలెననియే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని. కుటుంబ న్యాయస్థానమున తీర్పు గాని ఉత్తర్వు గాని వెలువడినపుడు దాని ధ్రువీకృతమైన నకలును ఎప్పుడు కోరవలెను, ఎట్లు పొందవలెను అనునదియే నేటి విషయము.

మన పూర్వులు వ్యవహారమును తేలికగా చూచినవారు కారు. యాజ్ఞవల్క్య స్మృతిలో ఆచార, ప్రాయశ్చిత్త కాండముల నడుమ వ్యవహారమునకు ప్రత్యేకముగా నొక కాండము గలదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. తిక్కన కాలపువాడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. ఆ స్మృతి చెప్పిన మానుష ప్రమాణములు మూడు: లిఖితము, భుక్తి, సాక్షులు. వానిలో మొదట పేర్కొనబడినది లిఖితమే. వ్యవహారమున గెలిచినవానికి ముద్ర వేసిన జయపత్రమును ఇయ్యవలెననియు స్మృతికారులు విధించిరి. సభలో నోటితో చెప్పిన తీర్పు సభ ముగిసినంతనే గాలిలో కలియునని వారెఱుగుదురు. ఈ సంగతిని నేను తరగతిలో ఎన్ని మాఱులు బోధించితినో లెక్కలేదు. బోధించిన నేనే ఆచరింపనైతిని.

2016వ సంవత్సరము మార్చి నెలలో మా మేనకోడలికిని ఆమె కుమారునికిని కలిపి నెలకు 6,000 రూపాయల మనోవర్తి భర్త ఇయ్యవలెనని ఉత్తర్వయినది. రెండేండ్లు తిరిగిన పిమ్మట వచ్చిన మాట అది. న్యాయాధిపతి చదివి వినిపించగా మా చెల్లెలు కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. మా వకీలు గుమాస్తా నా దగ్గఱకు వచ్చి, "పంతులుగారూ, కొంచెము ఆగుడు. నకలు సంగతి చూచుకొని పోవచ్చును" అనెను. ఆ సాయంకాలపు బస్సు తప్పినచో మఱల రాత్రి పొద్దుపోయిన దాక మా ఊరికి బస్సు లేదు. "తీర్పు న్యాయస్థానమున భద్రముగా నున్నది గదా! దానికి కాళ్ళు వచ్చి ఎచ్చటికైనను పోవునా?" అని నేనే నవ్వి అందఱను బయలుదేరదీసితిని.

అయిదు నెలలు ధనము సక్రమముగా వచ్చెను. ఆఱవ నెల నుండి ఆగిపోయెను. అతడు పనికని వేఱొక జిల్లాకు తరలిపోయెను. మేము పెద్దమనుష్యులచే కబురంపగా అతడు వారితో, "ఏదీ ఆ కాగితము? చూపుడు, ఇచ్చెదను" అనెనట. చూపుటకు మా యొద్ద నేమున్నది? ఈ నెల కాకున్న వచ్చు నెల ఇచ్చునని కొన్నాళ్ళు, పంట పనులని కొన్నాళ్ళు, ఇంట వేఱొక పెండ్లియని కొన్నాళ్ళు కాలము గడపితిమి. మఱల న్యాయస్థానపు మెట్లెక్కునప్పటికి బకాయి 20 నెలలైనది. వ్యాజ్యపు సంఖ్య మాలో నెవ్వరికిని జ్ఞాపకము లేదు. మా వకీలు వృత్తి మానుకొని కుమారుని యొద్దకు వెడలిపోయెను. వ్యాజ్యపు కట్ట రికార్డు గదికి చేరినది. వాది పేరును, ప్రతివాది పేరును, సంవత్సరమును చెప్పి వెదకించుకొని నకలు తెచ్చుకొనుటకే వారములు పట్టినవి.

అటుపిమ్మట తెలిసిన సంగతి నన్ను క్రుంగదీసినది. మనోవర్తి బకాయిని వారంటు ద్వారా వసూలు చేయుటకు, ఆ సొమ్ము ఇయ్యవలసిన దినము మొదలు ఒక సంవత్సరము లోపల దరఖాస్తు చేసికొనవలెనని శాసనము. 20 నెలలలో కడపటి 12 నెలల సొమ్ము మాత్రమే ఆ మార్గమున అడుగుటకు మిగిలినది. మొదటి 8 నెలల సొమ్ము, 48,000 రూపాయలు, ఆ మార్గమున రాకుండ పోయినది. ఆ యేడు పిల్లవాని బడి రుసుము కట్టుటకు మా మేనకోడలు చెవి కమ్మలు కుదువబెట్టినది. ఆమె నన్నొక మాటయు ననలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఇక అసలు విషయమునకు వత్తును. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984వ సంవత్సరమున చేయబడినది. జనసంఖ్య పది లక్షలు మించిన పట్టణములకు అట్టి న్యాయస్థానము తప్పక యుండవలెను. ఇతర ప్రాంతములలో అవసరమును బట్టి రాష్ట్ర ప్రభుత్వము ఏర్పఱుచును. అట్టిది లేనిచోట హిందూ వివాహ వ్యాజ్యములు సివిలు న్యాయస్థానమునను, మనోవర్తి వ్యాజ్యములు మేజిస్ట్రేటు ఎదుటను నడచును. కుటుంబ న్యాయస్థానమున వకీలును పెట్టుకొనుట హక్కు కాదు. న్యాయస్థానము అనుమతించిననే వకీలు వాదింపవలెను. కావున తనంతట తానే పోయి మొఱపెట్టుకొనిన స్త్రీకి "నకలు తీసికొమ్ము" అని గుర్తుచేయు గుమాస్తా ఉండడు. వెంట వెళ్ళిన పెద్దలే గుర్తుంచుకొనవలెను.

నకలు కోరుటకు ముందు ఏమి కోరవలెనో తెలియవలెను. తీర్పు వేఱు, డిక్రీ వేఱు, ఉత్తర్వు వేఱు. తీర్పులో వ్యాజ్యపు సంగ్రహము, నిర్ణయింపవలసిన అంశములు, నిర్ణయము, దానికి కారణములు ఉండును. డిక్రీ యనగా ఆ తీర్పు ఫలితమును విధిగా వ్రాసిన పత్రము. వివాహము రద్దైనదా, లేదా. ఎవరు ఎవరికి ఏమి చేయవలెను అనునది అందులో సూటిగా నుండును. మనోవర్తి మొదలగు విషయములలో వెలువడునది ఉత్తర్వు. వ్యాజ్యము నడచుచుండగా బిడ్డను చూచుటకు గాని తాత్కాలిక భరణమునకు గాని చేయు ఆజ్ఞలును ఉత్తర్వులే. అప్పీలు చేయదలచినవారు తీర్పు నకలును డిక్రీ నకలును రెండును కోరవలెను. ఒకటే తెచ్చుకొని రెండవదానికై మఱల తిరిగినవారిని నేను చూచితిని.

తీర్పు మూలప్రతి న్యాయస్థానముననే యుండును. మన చేతికి వచ్చునది నకలు. అందును భేదము కలదు. నేడు చరవాణిలో న్యాయస్థానముల సమాచారమును చూచుకొను సదుపాయమున్నది. ప్రతి వ్యాజ్యమునకును అక్షరములు, అంకెలు కలిసి 16 గల సి.ఎన్.ఆర్. సంఖ్య యొకటి ఇత్తురు. దానితో వాయిదాలు తెలిసికొనవచ్చును. అయితే అందుండి అచ్చు తీసిన కాగితము చదువుకొనుటకే గాని ధ్రువీకృతమైన నకలు కాదు. ఎవరి యొద్దనో తీసిన జిరాక్సు కాగితమును అట్టిదే. ధ్రువీకృతమైన నకలు చివర "ఇది యథార్థమైన నకలు" అను వ్రాత, తేదీ, అధికారి సంతకము, ఆయన పేరు, ఉద్యోగము, న్యాయస్థానపు ముద్ర ఉండవలెను. 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము ఈ విధి చెప్పెను. 2024 జూలై 1వ తేదీ నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఇదే చెప్పుచున్నది. ఇట్టి నకలునే మఱియొక న్యాయస్థానము ప్రమాణముగా గైకొనును.

దరఖాస్తు చేయు విధము కష్టమైనది కాదు. ఏ న్యాయస్థానము తీర్పు చెప్పెనో అచ్చటనే నకళ్ళ విభాగమున దరఖాస్తు ఇయ్యవలెను. రాష్ట్రము 2014లో రెండైనను, హైకోర్టులు 2019 జనవరి 1 నుండి వేఱైనను ఈ నియమము మాఱలేదు. హైదరాబాదున తీర్పు పొంది నేడు గుంటూరున కాపురమున్నవారు హైదరాబాదు న్యాయస్థానముననే కోరవలెను. దరఖాస్తులో వ్యాజ్యపు సంఖ్య, సంవత్సరము, ఉభయపక్షముల పేర్లు, తీర్పు తేదీ, ఏ పత్రమునకు ఎన్ని నకళ్ళు కావలెనో వ్రాయవలెను. వివాహ వ్యాజ్యమైన ఓ.పి. యనియు, మనోవర్తి వ్యాజ్యమైన ఎం.సి. యనియు, నడుమ వేసిన దరఖాస్తైన ఐ.ఏ. యనియు సంఖ్యకు ముందుండును. ఈ అక్షరములు తప్పినచో వేఱొక కట్టలో వెదకుదురు.

దరఖాస్తు ఇచ్చినంతనే పని ముగిసినదని ఇంటికి పోయి కూర్చుండరాదు. దానికొక సంఖ్య వేయుదురు. దానిని వ్రాసికొనవలెను. పుటలు లెక్కించి, ఎంత రుసుము, ఎన్ని స్టాంపు కాగితములు కావలెనో ప్రకటన పలకపై పెట్టుదురు. చెప్పిన గడువులో అవి దాఖలు చేయనిచో దరఖాస్తును కొట్టివేయుదురు. మన పల్లెవారు ఎక్కువగా దెబ్బతినునది ఇచ్చటనే. ఊరి నుండి రోజును పోలేని వారు పట్టణమున నమ్మకమైన యొకనికి ఆ పలకను చూచు పని ఒప్పగింపవలెను. నకలు వచ్చిన పిమ్మట దానిపై కొన్ని తేదీలు కనబడును: దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. అవి గుమాస్తాల లెక్క కొఱకు మాత్రమే వ్రాసినవని తలంపరాదు. మీ అప్పీలు బ్రదుకుటయు చచ్చుటయు ఆ తేదీల యందే యున్నది.

ఎట్లనగా వినుడు. కుటుంబ న్యాయస్థానపు తీర్పుపై హైకోర్టునకు అప్పీలు చేయుటకు ఆ చట్టము 30 దినములు ఇచ్చినది. హిందూ వివాహ చట్టమున 90 దినములను మాట యున్నది. ఏది వర్తించునను వాదమును వకీళ్ళకు విడిచి, 30 దినములే గడువని నడచుకొనుట క్షేమము. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము నకలు పొందుటకు పట్టిన కాలమును ఈ గడువులో లెక్కింపరు. ఒక ఉదాహరణము చెప్పెదను. జూను 1వ తేదీన తీర్పు చెప్పిరనుకొందము. ఆ దినమును విడిచి లెక్కింపగా జూలై 1వ తేదీతో గడువు తీరును. ఒకడు జూను 5న దరఖాస్తు పెట్టగా జూను 20న నకలు సిద్ధమైనది. ఆ 16 దినములను విడిచిపెట్టుదురు గనుక గడువు జూలై 17 వఱకు సాగును. నకలు సిద్ధమైన పిమ్మట అతనికి 27 దినములు మిగిలినవి. వేఱొకడు జూను 25న పెట్టగా అతనికిని 16 దినములే పట్టి జూలై 10న సిద్ధమైనది. అతని గడువును జూలై 17తోనే తీరును. కాని అతనికి మిగిలినవి 7 దినములే. ఆ 7 దినములలో వకీలును వెదకుట, ధనము కూర్చుకొనుట, హైకోర్టునకు పోవుట, అన్నియు జరుగవలెను. మూడవవాడు జూలై 2న మేల్కొనినచో అతనికి విడిచిపెట్టు దినములే లేవు. ఆలస్యమును క్షమింపుమని వేఱుగా వేడుకొనవలెను.

మఱియొక సూక్ష్మము కలదు. తీర్పు చెప్పిన 15 దినములలో డిక్రీ వ్రాయవలెనని సివిలు ప్రక్రియా స్మృతి చెప్పుచున్నది. "డిక్రీ సిద్ధము కానిదే దరఖాస్తు ఏల?" అని కొందఱు ఆగుదురు. అది పెద్ద పొరపాటు. దరఖాస్తు పెట్టక పూర్వము డిక్రీ వ్రాయుటకు పట్టిన కాలమును మనకు విడిచిపెట్టరు. దరఖాస్తు పెట్టి వేచియున్నచో ఆ కాలము మనకు కలిసివచ్చును. ఇంటిలో కూర్చుండి వేచియున్నచో ఆ కాలము మనపై పడును. స్టాంపులు కోరిన పిమ్మట మన సోమరితనముచే జాఱిపోయిన దినములును మన లెక్కయే. అందుచేతనే తీర్పు విన్ననాడే నకలు కోరవలెనని నేను పదేపదే చెప్పుచున్నాను.

ధనము లేక ఆగువారికి ఒక మాట. హిందూ వివాహ చట్టము క్రింద విడాకుల డిక్రీ అయినపుడు ఉభయపక్షములకును దాని నకలును న్యాయస్థానము ఉచితముగా ఇయ్యవలెను. మనోవర్తి ఉత్తర్వు నకలును పొందిన వారికి రుసుము లేకయే ఇయ్యవలెను. పూర్వపు క్రిమినలు ప్రక్రియా స్మృతిలోను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఈ విధి యున్నది. ఆ నకలును బట్టి భర్త ఏ ఊర నున్నను ఆ ఊరి మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వును అమలు జరుపవచ్చును. తీర్పుకు కాళ్ళు వచ్చునా యని నేను నవ్వితిని గదా! నకలే దాని కాళ్ళు. అది చేతనున్నచో తీర్పు అతని వెంట వేఱొక జిల్లాకు నడచిపోయియుండును. ఇక స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు గలదు. జిల్లా న్యాయస్థానపు ఆవరణముననే ఆ సంస్థ కార్యాలయముండును.

నకలు చేతికి రాగానే దానిని పెట్టెలో పెట్టుటకు ముందు చదివించుడు. అది తఱచుగా ఇంగ్లీషున నుండును. ఊరిలో చదువుకొన్న పిల్లలచే వాక్యవాక్యమును తెలుగున చెప్పించుకొనుడు. ఇంటిపేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ, సొమ్ము ఎంత, ఏ తేదీ నుండి అనునవి సరిచూడుడు. వ్రాతలోని తప్పులను, లెక్కలోని తప్పులను న్యాయస్థానము దరఖాస్తుపై ఎప్పుడైనను సవరింపగలదు. కాని పాసుపోర్టు కొఱకో, విదేశమున నున్న పిల్లల అవసరము కొఱకో పోయినపుడు తప్పు బయటపడినచో ఆ ప్రయాణమే ఆగిపోవును. వీలైనచో రెండు నకళ్ళు తీసికొనుడు. ఒకటి పనులకు, ఒకటి భద్రమునకు. వ్యాజ్యపు సంఖ్యను పంచాంగపు అట్టపై నైనను వ్రాసియుంచుడు.

పెద్దలైన మీతో మఱి రెండు మాటలు. మొదటిది: రెండవ సంబంధము కుదుర్చునపుడు "విడాకులైనవి" అను నోటిమాటతో ముహూర్తము పెట్టకుడు. న్యాయస్థానమున విడాకులైనవన్నచో డిక్రీ నకలు చూడుడు. దాని తేదీ చూడుడు. అప్పీలు గడువు తీరినదా, అప్పీలు ఏదైనను నడచుచున్నదా యని విచారింపుడు. గడువు తీరక మునుపు మఱుపెండ్లికి చట్టము ఒప్పుకొనదు. నకలు అడిగినందువలన ఒకరి మనస్సు నొచ్చునేమో. అడుగనందువలన ఒక పిల్ల బ్రదుకే చెడవచ్చును. రెండవది: ఈ కాగితములు రచ్చబండపై చదువుకొనునవి కావు. భార్యాభర్తల గుట్టు వానిలో నుండును. వ్యాజ్యముతో సంబంధము లేనివాడు నకలు కోరినచో ప్రమాణపత్రముతో కారణము చెప్పి న్యాయస్థానపు అనుమతి పొందవలెను. హిందూ వివాహ వ్యాజ్యముల సంగతులను అచ్చువేయుటను చట్టమే నిషేధించినది. మీ కంటబడిన దానిని చరవాణులలో ఊరంతయు పంపు కుఱ్ఱవారిని మీరే వారింపవలెను.

మా మేనకోడలు నేడు కుట్టుపని చేసికొనుచు కుమారుని చదివించుచున్నది. 2018లో తెచ్చిన ఆ నకలు ఆమె పెట్టెలో పసుపుగుడ్డలో నున్నది. దాని వెనుక వ్యాజ్యపు సంఖ్యను నా చేతితోనే వ్రాసితిని. ఆ కమ్మలను నేను నా పింఛనుతో విడిపించితిని గాని, దానితో నా తప్పు తీరినదని అనుకొనను. మీలో నెవరైనను రేపు ఒక ఆడపిల్ల వెంట న్యాయస్థానమునకు పోవలసివచ్చినచో, తీర్పు విని సంతోషముతో గాని దుఃఖముతో గాని వెనుకకు తిరుగుటకు ముందు నకళ్ళ విభాగపు తలుపు వైపు నాలుగడుగులు వేయుడు. బస్సు తప్పినను తప్పనిండు. మఱునాడు వేఱొక బస్సు వచ్చును.